నిప్పు లేని ఆరేళ్ళు

మొన్న ఎండాకాలం మొదట్లో మా పెద్దవాడు ఇంటి మీది తాటాకంతా లాగేయించి, రాజమహేంద్రవరం నుంచి పడవలో తెప్పించిన పెంకులు వేయించాడు. పని ముగిసిన రోజున వాకిట్లో నిలబడి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, ఇక మిట్టమధ్యాహ్నం కూడా భయం లేకుండా పొయ్యి వెలిగించుకోవచ్చమ్మా అన్నాడు. వాడు సంతోషంగానే అన్నాడు, నేనూ నవ్వాననే అనుకుంటాను. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు. కోడలు వడదెబ్బ అనుకుని మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చింది. అరవై దాటినదానికి మనసు బాగాలేదని చెప్పుకోవడం కంటే వడదెబ్బ అనిపించుకోవడమే సుఖం గనక, తాగి ఊరుకున్నాను.

మా ఈడు వాళ్ళకు వేరే చెప్పాలా? ఆనకట్ట కట్టి కాలవల్లోకి కొత్తగా నీళ్ళు వదిలిన ఆ రోజుల్లో, ఆత్రేయపురానికి ఆమడ దూరంలో గట్టు మీదున్న మా ఊళ్ళో కరణంగారిది తప్ప తక్కినవన్నీ తాటాకిళ్ళే. రోహిణి కార్తెలో పడమటి గాలి లేచిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, వీధికి వీధి బూడిదయ్యేది. అందుకని బారెడు పొద్దెక్కేసరికల్లా తలారి డప్పు వేసుకుంటూ వచ్చేవాడు. ఆ చప్పుడు వినగానే ఉడికింది ఉడికినట్టు, ఉడకనిది ఉడకనట్టు దించేసి పొయ్యిలో నీళ్ళు చల్లేవాళ్ళం. పలుకు పలుకుగా మిగిలిన కందిపప్పు తిని ఎందరి కడుపులు నొప్పెట్టాయో చెప్పలేను. అగ్గిపెట్టెలు అప్పటికింకా మా వైపు రాలేదు. ఇంట్లో నిప్పు ఆరిపోయినవాళ్ళు ఉన్నవాళ్ళింటికి పిడక పట్టుకెళ్ళి, అడిగి అంటించుకుని తెచ్చుకోవాలి.

మా వీధికి నిప్పున్న ఇల్లు మాది. పెరట్లో మూడువైపులా మట్టిగోడ కట్టిన చోట అమ్మ దాలి ఉండేది. గుంటలో పిడకలు పేర్చి, పైన పాలకుండ పెట్టి, బూడిద కప్పి ఉంచితే పాలు ఎర్రగా కాగుతూ ఉండేవి, కింద నిప్పు ఎంత గాలికీ పైకి లేవకుండా అణిగి ఉండేది. తను కాపురానికి వచ్చిన నాడు అత్తగారు అప్పగించిన ఆ దాలి ఒక్కనాడూ ఆరలేదని అమ్మ గొప్పగా చెప్పుకునేది. పొద్దున్నే వీధిలోని ఆడవాళ్ళంతా పిడకలతో వచ్చేవారు. అమ్మ నిప్పూ ఇచ్చేది, సలహాలూ ఇచ్చేది. నిప్పు కంటే సలహాలే ఎక్కువ ఇచ్చేదని మా ఆయన వేళాకోళం చేసేవారు గానీ, ఆయన ఎదుటపడి అనగలిగిన మాట కాదది.

నా చిన్నతనంలోనే నాన్న పోయారు. ఇంట్లో అమ్మ, నాకంటే అయిదేళ్ళు పెద్దవాడైన అన్నయ్య, నేను. ఆడపిల్లకు చదువెందుకని అందరూ అంటున్న రోజుల్లో వాకిట్లో ఇసుక పోసి, నా వేలు పట్టుకుని దిద్దించి, నాలుగక్షరాలు నేర్పినవాడు అన్నయ్యే. ఇప్పుడిలా రాయగలుగుతున్నానంటే అది వాడి చలవ. నన్ను మేనమామ కొడుక్కే ఇచ్చారు. మామగారిల్లు మా పుట్టింటికి ఎదురుగానే ఉండడంవల్ల, అత్తవారింటికి పంపుతూ అందరూ ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చి అమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

అన్నయ్య ఆజానుబాహువు. శివరాత్రికి కోటిలింగాల రేవులో స్నానం చేసి వస్తానని రాజమహేంద్రవరం వెళ్ళినవాడు, సిపాయిలను చేర్చుకునే వాళ్ళ కంటబడి, పటాలంలో పేరు రాయించుకుని తిరిగొచ్చాడు. అప్పటికి వదిన కాపురానికి వచ్చి నాలుగు నెలలు. అమ్మ మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. నాలుగో రోజు మినుములు వేయించి సున్నుండలు చుట్టడం మొదలుపెట్టింది, దాంతో కోపం పోయిందని మాకు తెలిసింది. మరుసటి ఏడు పటాలం ఓడెక్కి రంగం, అదే రంగూను, వెళ్ళింది. అక్కడ బర్మా రాజుతో యుద్ధం జరుగుతోందని మామగారు అందరికీ చెప్పుకునేవారు. అన్నయ్య లేని ఆ మూడేళ్ళలో రెండే ఉత్తరాలు వచ్చాయి. రెండూ ఎవరో రాయసగాడి దస్తూరీలో, క్షేమం అనే మాటతో మొదలై క్షేమం అనే మాటతోనే ముగిశాయి. అమ్మ వాటిని నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో, ఎక్కడెక్కడ చుక్కలున్నాయో కూడా నాకు నోటికొచ్చేది.

కోరంగిలో ఓడ దిగి, పడవలు మారి, మాఘమాసంలో ఒక పొద్దుటిపూట అన్నయ్య ఇంటికొచ్చాడు. కొంచెం నల్లబడ్డాడు, మనిషి గట్టిపడ్డాడు, అంతే. కాలూ చెయ్యీ చక్కగా ఉన్నాయి. అమ్మ వాడి ఒళ్ళంతా తడిమి చూసి, ఎక్కడా గాయం లేదని దేవుడికి దండం పెట్టుకుంది. మొదటి నాలుగు రోజులూ ఓడ సంగతులూ, రంగంలో తిన్న వాసన కొట్టే చేపల పచ్చడి సంగతులూ చెప్పి మమ్మల్ని నవ్వించాడు కూడా.

అయిదో రోజునో ఆరో రోజునో పక్కింటావిడ ఎప్పటిలాగే పిడక మీద నిప్పు పెట్టుకుని వెళుతుంటే, అన్నయ్య వెంటబడి, ఎక్కడికి తీసుకెళుతున్నారండీ, ఇంట్లో ఎవరున్నారండీ అని అడిగాడు. పొయ్యిలోకి నాయనా అని ఆవిడ చెప్పినా ఆగక, వాళ్ళ గడప దాటి లోపలికి వెళ్ళి, వంటింట్లో, గదిలో, గాదె వెనకాల కూడా తొంగి చూసి వచ్చాడు. మేమంతా విరగబడి నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను. ఆ తరువాత ప్రతిరోజూ అదే వరస. ఏ ఇంట్లో పొగ లేచినా గుమ్మంలో నిలబడి, లోపల ఎవరున్నారండీ, బయటికి రండి అని కేకేసేవాడు. వీధిలో పిల్లలు దాన్ని ఆటగా పట్టుకుని, గడ్డివాముల చాటునుంచి మేమున్నామండీ అని అరిచేవారు. వాళ్ళు అరిచినప్పుడు అన్నయ్య ముఖం చూసినదాన్ని గనక చెబుతున్నాను, అది పిచ్చివాడి ముఖం కాదు. అన్నీ తెలిసినవాడి ముఖమే.

పదిహేనో రోజున బిందెడు నీళ్ళు తెచ్చి అమ్మ దాలిలో గుమ్మరించాడు. అమ్మ వచ్చేసరికి పాలకుండ నడుం దాకా బూడిద నీళ్ళలో మునిగి ఉంది. నేను కేకలేశాను. అమ్మ మాత్రం దాలిని చూడలేదు, వాడి చేతులను చూసింది. వాటిలోంచి బిందె తీసుకుని పక్కన పెట్టింది. సరేలే నాయనా, ఆరిపోయింది, ఇక భయం లేదు అంది. ఆ రోజు నుంచి అమ్మ ఆ ఇంట్లో మళ్ళీ నిప్పు రాజేయలేదు. వీధికంతా నిప్పిచ్చిన మనిషి, తెల్లవారకుండానే బియ్యం మూట కట్టుకుని నా వంటింటికి వచ్చి, వండుకుని, అన్నం పూర్తిగా చల్లారాక ఎదురింటికి పట్టుకెళ్ళేది. ఆవిరి కనిపిస్తే వాడు కంచం ముందునుంచి లేచిపోయేవాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

వదిన ఒక్క ఎండాకాలం ఓర్చుకుంది. దీపం పెట్టనివ్వని ఇంట్లో, తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చునే మొగుడితో పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏం కాపురం చేస్తుంది? వాళ్ళ నాన్న బండి కట్టుకొచ్చి తీసుకెళ్ళిపోయాడు. అప్పుడు నేను దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. బండి వెళుతుంటే అది అన్నయ్య ఉన్న అరుగు వైపే చూస్తూ వెళ్ళింది. తరువాత ఎంత కాలానికో తెలిసింది, అది మారుమనువుకు ఒప్పుకోలేదని. ఇప్పుడు కనిపిస్తే చేతులు పట్టుకుని క్షమించమని అడిగేదాన్ని.

మా వాళ్ళు చేయించని వైద్యం లేదు. గాలి సోకిందన్నారు, రంగంలో మందు పెట్టారన్నారు. తాయెత్తులు కట్టారు, వేపమండలతో కొట్టించారు. పిఠాపురంలో పురుహూతికా అమ్మవారి దగ్గరికి తీసుకెళితే బాగవుతుందని ఎవరో చెబితే, అమ్మా నేనూ బండి కట్టించుకుని తీసుకెళ్ళాం. హారతి వెలిగించేదాకా బుద్ధిగా చేతులు జోడించుకు నిలబడ్డవాడు, వెలుగు చూడగానే వెనక్కి వెనక్కి నడిచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. అంత దూరం వెళ్ళీ అమ్మ హారతి కళ్ళకద్దుకోలేదు. వచ్చి వాడి పక్కన కూర్చుని, కొంగులో కట్టుకొచ్చిన అటుకులు తీసి చేతిలో పెట్టింది.

ఆరో ఏట కార్తీకంలో అమ్మకు జ్వరం తగిలి, కఫం పట్టింది. ఒక మధ్యాహ్నం అన్నయ్య కాలవ గట్టుకు వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, వాడు ఎప్పుడో ఒకే ఒక్కసారి తనతో చెప్పిన సంగతి చెప్పింది. యుద్ధం అయిపోయిందన్నాక కూడా అక్కడ అడవుల్లో తిరుగుబాటుదార్లు మిగిలారట. వాళ్ళకు అన్నం పెట్టిన ఊళ్ళను తగలబెట్టమని హుకుం. అవి మన ఇళ్ళలాంటివే, వెదురు తడికలు, ఆకు కప్పు. ఊరివాళ్ళంతా అడవిలోకి పారిపోయారనే అనుకున్నారు. అన్నయ్య చేతికి కాగడా ఇచ్చారు. వాడు ఒక ఇంటి ముందు నిలబడి, లోపల ఎవరున్నారండీ, బయటికి రండి అని కేకేశాడట, తెలుగులో. భయంలో వాడికి సొంత మాటే నోటికొచ్చింది. లోపలినుంచో పక్కింట్లోంచో ఒక గొంతు ఏదో అంది. ఏమందో వీడికి తెలియదు, వీడేమన్నాడో ఆ గొంతుకూ తెలియదు. హవల్దారు వెనకనుంచి తొందరపెట్టాడు. ఆ తరువాత వెదుళ్ళు పేలుతుంటే, ఆ చప్పుళ్ళ మధ్య అది ముసలావిడ గొంతని తెలిసిందట. అప్పటికి గుమ్మం లేదు.

ఇది చెప్పి అమ్మ నా చెయ్యి పట్టుకుని, “అమ్మాయ్, నేను పోయాక వాడి చేతికి నిప్పు ఇవ్వకండి. నన్ను మట్టిలో పెట్టేయండి. మీ మామయ్యతో నేను చెప్పానని చెప్పు” అంది.

మా వాళ్ళలో మట్టిలో పెట్టేది పళ్ళు రాని పసిపిల్లలను, అమ్మవారు పోసి పోయినవాళ్ళను. నిండు జీవితం గడిపిన మనిషికి కొడుకు తలకొరివి పెట్టకపోతే గతి లేదనే నమ్మకం అమ్మకూ ఉండేది. నాన్నకు వాడు పదేళ్ళ వయసులో కొరివి పెట్టాడని ఎన్నిసార్లు చెప్పుకునేదో. అటువంటి మనిషి తన గతి తానే వదులుకుంటానంటోంది. నేను సరేనన్నాను. మర్నాడు మళ్ళీ అడిగింది, మళ్ళీ సరేనన్నాను.

మూడో రోజు పొద్దెక్కుతుండగా అమ్మ పోయింది. మామగారు, అంటే అమ్మకు సొంత అన్నగారు, అరుగు మీద పెద్దల మధ్య కూర్చున్నారు. నన్ను పిలిచి, “పోయేముందు మీ అమ్మ ఏమైనా చెప్పిందా అమ్మాయ్?” అని అడిగారు. “ఏమీ చెప్పలేదండీ” అన్నాను.

ఎందుకలా అన్నానని నలభై ఏళ్ళనుంచి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కొడుకు బతికుండగా దిక్కులేనిదానిలా గోతిలో పెట్టారని నలుగురూ అంటారని భయపడ్డాను. అది జ్వరంలో అన్న మాట అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మ ఆత్మ ఎక్కడ తిరుగుతుందోనని నిజంగానే భయం వేసింది. కన్నతల్లికి ఆ ఒక్క పని చేస్తేనన్నా వాడు మామూలు మనిషి అవుతాడేమోనని ఆశపడ్డాను. ఇవన్నీ నిజమే. ఇంకొకటి కూడా నిజం, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు వాడి మీద కోపంగా ఉంది. ఆరేళ్ళు అమ్మ చలనకా వాననకా వీధి దాటి వచ్చి నా వంటింట్లో వండుకోవడం నేను చూశాను. ఈ ఒక్కరోజుకు వాడు ఓర్చుకుంటే ఏం పోయిందని అనుకున్నాను.

శవం ముందు కొడుకు పట్టుకెళ్ళే నిప్పుకుండ ఆ ఇంటి పొయ్యిలోంచే సిద్ధం కావాలి. ఆ ఇంట్లో నిప్పు లేదు. నా పొయ్యిలోంచి నేనే కణికలు ఎత్తి కుండలో వేశాను. అన్నయ్య కాలవలో మునిగి తడిబట్టలతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను కుండ అందించాను. వాడు కణికల వైపు చూసి, నా ఇంటి గుమ్మంలోకి చూసి, లోపల ఎవరూ లేరు కదా చెల్లెమ్మా అన్నాడు. ఎవరూ లేరన్నయ్యా అన్నాను. రెండు చేతులూ చాచి పుచ్చుకున్నాడు.

ఆడవాళ్ళం వల్లకాటికి వెళ్ళం గనక, తక్కినది మా ఆయన చెప్పగా విన్నదే. చెప్పిన చోట చెప్పినట్టుగా కొరివి పెట్టాడట. పచ్చి వెదురుతో కట్టిన పాడె చితి మీద పేలడం మొదలయ్యాక, మడమలు కలిపి, చేతులు పక్కలకు ఆనించి, సిపాయిలా బిగుసుకుని నిలబడ్డాడట. అందరూ స్నానాలు చేసి బయలుదేరినా అలాగే ఉన్నాడట. ఇక చాలు, పద బావా అని మా ఆయన భుజం తడితే, అప్పుడు నడిచాడట. పిల్లవాడు దారిన పడ్డాడయ్యా, తల్లి పోతూ పోతూ వాణ్ణి బాగుచేసి పోయిందని మామగారు కళ్ళు తుడుచుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం నాకు కూడా నేనేదో ఘనకార్యం చేశానని అనిపించింది.

ఆ రోజు తరువాత అన్నయ్య ఏ పొయ్యిలోనూ నీళ్ళు పోయలేదు. ఏ గుమ్మంలోనూ కేకేయలేదు. ఆవిరి వచ్చే అన్నం పెట్టినా తినేవాడు. ఊరంతా సంబరపడింది. ఆ ఊరంత అమాయకంగా నేను కూడా కొన్నాళ్ళు సంబరపడ్డాను. కూర్చోమంటే కూర్చునేవాడు, లేమంటే లేచేవాడు. కాలవలో పూడిక తియ్యమన్నా, ఎవరి గడ్డి మోయమన్నా, ఎందుకని అడగకుండా చేసేవాడు. తనంతట తాను మాత్రం ఇది కావాలని గానీ వద్దని గానీ ఒక్క మాట అనేవాడు కాదు. ఆ గుమ్మాల ముందు కేకేసిన ఆరేళ్ళూ వాడు తన బాధతోనైనా బతికాడు. దాన్ని కూడా మేము లేకుండా చేశామని, అందులో ముందున్నది నేనేనని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఇరవై ఏళ్ళకు పైగా అలాగే గడిచింది. మామగారు పోయారు, మా ఆయనా పోయారు. అన్నయ్య ఒంట్లో సత్తువ పోయి మంచాన పడితే మా ఇంటికే తెచ్చుకున్నాను. ఒక పొద్దుటిపూట గంజి తాగించి మూతి తుడుస్తూ, ఇక దాచుకోలేక, అమ్మ అన్న మాట, నేను దాచిన మాట చెప్పేశాను. తిడతాడనో ఏడుస్తాడనో అనుకున్నాను. వాడు నా వైపు చూసి, “అమ్మ నాతో కూడా చెప్పింది చెల్లెమ్మా” అన్నాడు.

తెలిసి కూడా ఎందుకు పుచ్చుకున్నావన్నయ్యా, వద్దని ఒక్క మాట అంటే పోయేది కదా అన్నాను. వాడు నిజంగానే జవాబు వెతుక్కున్నాడు. “నువ్వు చేతికిచ్చావు కదమ్మా. చేతికిస్తే పుచ్చుకోవడమే గానీ, వద్దనడం నాకు రాదు” అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నిష్ఠూరమాడితే కాళ్ళ మీద పడేదాన్ని.

మరో నాలుగు రోజులకు పోయాడు. పిల్లలు లేరు గనక కర్మ చేయవలసినవాడు మా పెద్దవాడే. పాడె కట్టడానికి మనుషులు రాగానే నేను వాకిట్లోకి వచ్చి, కొంగు నడుముకు బిగించి, మా అన్నయ్యకు నిప్పు వద్దు, మట్టిలో పెట్టండి, ఇది మా అమ్మ మాట అన్నాను. ఎన్ని మాటలకు ఎన్ని జవాబులు చెప్పాలో ముందే కూర్చుకుని పెట్టుకున్నాను. అప్పటికి పెద్దరికం చేస్తున్న మామగారి తమ్ముడి కొడుకు, “మీ ఇష్టం వదినగారూ, అలాగే కానివ్వండి” అన్నాడు. అంతే. ఎవరో ఒకతను పలుగు తేవడానికి వెళ్ళాడు.

ఆ రోజునుంచి ఆ మాటే చెవిలో గింగురుమంటోంది. అంత సులువైన పనా అది? ఆ మధ్యాహ్నం అరుగు దగ్గర నిలబడి, అమ్మ ఇలా చెప్పిందండీ అని నేను అనివుంటే, మామగారు కాసేపు కోప్పడేవారు, పెద్దలు నాలుగు మాటలనేవారు, చివరికి కానివ్వండి అనేవారేమో. అనేవారో లేదో ఇక నాకు తెలిసే దారి లేదు. ఈ రోజుల్లో పిల్లలు మాతో ఎదురు మాట్లాడుతున్నారని, దేనికీ జంకు లేదని మా ఈడు ఆడవాళ్ళు కూడినప్పుడల్లా చెప్పుకుంటారు, నేనూ తలూపుతాను. మా మనవరాలు మొన్న తాతల నాటి ఆచారమొకటి నాకు వద్దని అందరి ముందూ మొహం మీదే చెబితే పైకి కసిరాను గానీ, లోపల దాని నోటికి దండం పెట్టుకున్నాను. నలుగురూ ఏమంటారోనని నేను భయపడిన ఆ నలుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్ళ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని అడిగి చూశాను. మా అమ్మ పోయిన రోజు వాళ్ళెవరికీ జ్ఞాపకం లేదు.